గాలికి ఎదురుగా మన వంతు

వాక్యభాగము: 1 కొరింథీ 9:24–27, గలతీ 6:2–5





ఈ పర్యాయము పత్రికకు వాక్య సందేశము వ్రాయవలసిన వంతు మాది. పౌలు భక్తుడు కొరింథు సంఘమునకు వ్రాసిన పందెపు మాటలను ధ్యానమునకు తీసికొన్నాము. ఈ భాగముపై మేము ముప్పది యేండ్లకు పైగా మాట్లాడుతూ వచ్చాము. టీచరు ట్రైనింగు చదువుకొన్నవారము గనుక, నల్లబల్ల మీద వ్రాసినట్టు ప్రతిసారి మూడు అంశములుగా విడదీసి చెప్పడము మాకు అలవాటు. కాని పందెమనేది ఎట్లుండునో దగ్గరగా నిలిచి కన్నులార చూచినది ఇటీవలనే. అదియు పరుగు పందెము కాదు, సైకిలు పందెము. చూపించినవాడు మా సంఘపు యౌవనుడొకడు. అతని విషయములో మేము తొందరపడి తీర్పు తీర్చిన తరువాత చూపించాడు. కాబట్టి ఇది బోధ మాత్రమే కాదు, ఒక ఒప్పుకోలు కూడా.

తండ్రి సైకిలు

రాయపురము ప్రయాణముల ఊరు. దక్షిణ భారతదేశములో మొదటి రైలు 1856లో బయలుదేరినది ఇక్కడి స్టేషను నుండియే. తూర్పున హార్బరు, కాశిమేడు చేపల రేవు. ఉత్తరమునకు సముద్రము ప్రక్కనే ఎన్నూరు పోవు రోడ్డు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి మన పెద్దలు కూలికిని కొలువుకును వచ్చి, ఈ ఇరుకు వీధులలో కాపురములు పెట్టి, ఇండ్లలో ప్రార్థన కూటములు జరుపుకొన్నారు. మేము చెప్పబోవు యౌవనుని తండ్రి కూడా ఆలాగే వచ్చి, హార్బరులో మూటలు మోసి పిల్లలను చదివించినవాడు. ఆయన మిగిల్చిపోయిన ఆస్తి ఒక పాత సైకిలు.

ఆ సైకిలు మీదనే కుమారుడు తన మొదటి పందెమునకు వెళ్లాడు. మామూలు సైకిలు ఇంచుమించు ఇరువది కిలోల బరువు. క్యారియరు, స్టాండు, మడ్గార్డులు, చెయిను కవరు, గంట అన్నియు విప్పి, అమ్మ మంచము క్రింద పెట్టి వెళ్లాడట. తక్కినవారివి ఎనిమిది తొమ్మిది కిలోల రేసు సైకిళ్లు. మూడవ చుట్టులోనే వెనుకబడ్డాడు. “పది అడుగుల సందు పడిందండీ, అంతే. ఆ పది అడుగులూ మళ్లీ పూడ్చలేకపోయాను” అని తరువాత మాతో చెప్పాడు. మిగిలిన చుట్లన్నియు ఒంటరిగా తొక్కి, నిర్వాహకులు జెండాలు విప్పుకొనుచుండగా గీత దాటాడు.

తరువాత ఒక కంటెయినర్ల ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. వాయిదాల మీద ఒక పాత రేసు సైకిలు కొన్నాడు. కంటెయినరు లారీలు బారులు తీరకముందే, తెల్లవారుజామున నాలుగున్నరకు ఎన్నూరు రోడ్డు మీదికి వెళ్లి, ఎనిమిదిన్నరకు ఆఫీసులో కూర్చునేవాడు. దాహము కాకముందే నీళ్లు త్రాగవలెననియు, ఆకలి కాకముందే తినవలెననియు, ఆకలి తెలిసిన తరువాత తిన్నది ఆ పందెమునకు పనికిరాదనియు ఒకసారి సండేస్కూలు పిల్లలకు చెప్పగా విని, ప్రార్థనకు ఎంత మంచి ఉపమానమని మేమును సంతోషించాము. అంతవరకు అంతా బాగానే ఉన్నది.

మేము చేసిన తీర్మానము

నగరములో రోడ్లు కొంత ఖాళీగా ఉండేది ఆదివారము తెల్లవారుజామున. అందుచేత ఇట్టి పందెములు ఎక్కువగా ఆదివారమే పెట్టుచుందురు. మా యౌవనుడు ఒక ఏడాదిలో పదకొండు ఆదివారములు ఆరాధనకు రాలేదు. అతడు యౌవనస్థుల సహవాసమునకు కార్యదర్శి. డీకనుల కూటములో ఈ విషయము వచ్చింది. కొందరు, పిలిచి మాట్లాడుదమన్నారు. సంఘ కార్యదర్శిగా మేము, క్రమము క్రమమే అని చెప్పి, అతనిని ఆ బాధ్యతనుండి తప్పించుచు తీర్మానమును మా చేతితోనే వ్రాశాము. పదకొండు అను అంకెను కూడా వ్రాశాము.

మరుసటి ఆదివారము ప్రసంగము మాదే. ఆ దినమున మేజర్ టేలరు అను బాప్తిస్టు విశ్వాసి సాక్ష్యమును చెప్పాము. ఆయన 1878లో అమెరికాలోని ఇండియానాపొలిసులో పుట్టిన నల్లజాతివాడు. 1899లో మాంట్రియల్ పట్టణములో ఒక మైలు సైకిలు పందెములో ప్రపంచ విజేత అయ్యాడు. వూస్టరు పట్టణములోని జాన్ స్ట్రీట్ బాప్తిస్టు సంఘ సభ్యుడు. ఆదివారము పందెములో దిగనని పట్టుపట్టి, ఎంత సొమ్ము ఇస్తామన్నను కాదన్నాడు. 1901లో యూరపు ప్రయాణమునకు ఆదివారము లేకుండ ఒప్పందము వ్రాయించుకొనియే ఓడ ఎక్కాడు. ఇదంతయు చెప్పి, “మన మధ్య అట్టివారేరి?” అని అడిగాము. పేరు చెప్పలేదు గాని, అందరి చూపులును వెనుక బెంచీ వైపు తిరిగాయి. మేము తిరగవలెననియే అడిగాము.

సోమవారము సాయంకాలము అతడు మా ఇంటికి వచ్చాడు. కోపముగా వచ్చాడనుకొన్నాము. మా ఇంటివారు కాఫీ ఇచ్చారు. గ్లాసు క్రింద పెట్టి, నెమ్మదిగా ఇట్లన్నాడు.

“అయ్యగారూ, టేలరుగారి గురించి మీరు చెప్పిందంతా నిజమే. కాని సగమే చెప్పారు. నల్లవాళ్లను అక్కడి సైకిలు సంఘం 1894లోనే సభ్యులుగా చేర్చుకోమంది. పందెంలో మిగతావాళ్లు కూడబలుక్కుని ఆయన్ని చుట్టూ మూసేసేవాళ్లు. 1897లో ఒక పందెం అయ్యాక ఒకడు స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు. ఆయన కోసం గాలి ఆపేవాడే లేడు. 1932లో చికాగోలో ధర్మాసుపత్రిలో చనిపోతే గుర్తు కూడా లేని సమాధిలో పెట్టారు. పదహారేళ్ల తరువాత, 1948లో, పాత సైకిలు వీరులు కొందరు కలిసి ఆయన్ని మంచి చోట పాతిపెట్టి రాయి వేయించారు. ఆయన ఆదివారం తొక్కలేదని మీరు చెప్పారు. ఆయన ఒంటరిగా తొక్కాడని చెప్పలేదు.”

మాకు జవాబు తోచలేదు. అతడు ఇంకను చెప్పాడు.

“నేను పదకొండు వారాలు రాలేదని రిజిస్టరులో ఉంది. తప్పే. కాని రోజూ తెల్లారుజామున కాశిమేడు మీదుగా వెళ్తానా, అక్కడ మన తెలుగువాళ్లు తొమ్మిదిమంది ఉన్నారండీ. శ్రీకాకుళం వైపు నుంచి పడవల మీద పనికి వచ్చారు. నలుగురు బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. రేవులో ఆదివారం పొద్దునే పెద్ద బేరం, వాళ్లు ఎలా వస్తారు? ఏడాదిలో ఒక్క వారం కూడా రాలేదు. వాళ్ల మీద మనం తీర్మానం చేయలేదు, ఎందుకంటే వాళ్ల పేర్లే మన రిజిస్టరులో లేవు.”

వెళ్లుచు గుమ్మము దగ్గర నిలిచి, “జనవరి 26న ఒక పందెం ఉంది. ఆదివారం కాదు లెండి. ఒక్కసారి వచ్చి చూడండి” అన్నాడు.

మేము చూచిన పందెము

రిపబ్లిక్ దినమున ఇంకొక డీకనుగారిని వెంటబెట్టుకొని తెల్లవారకముందే వెళ్లాము. నగరమునకు దక్షిణమున, ఇండ్లు ఇంకా లేవని ఒక లేఅవుటు రోడ్లను పందెమునకు కట్టడి చేశారు. చుట్టు రెండున్నర కిలోమీటర్లు, ఇరువది చుట్లు. నలువదిమంది వరకు ఉన్నారు. ఈల వేయగానే తేనెటీగల గుంపువలె ఒక్క రొద చేయుచు మా ముందునుండి దాటిపోయారు.

మేము బలవంతుడు ముందు ఉండును, బలహీనుడు వెనుక ఉండును అనుకొన్నాము. అట్లు కాదు. ముందున్నవాడు తల వంచి, మోచేతులు ముడిచి కొంత దూరము తొక్కి, ఒక ప్రక్కకు తప్పుకొని వెనుకకు జారును. రెండవవాడు ముందుకు వచ్చును. అతడును ఆలాగే చేయును. నీళ్లసీసాలు అందించుచున్న ఒక పిల్లవాడు మాకు వివరించాడు. చదునైన రోడ్డు మీద గంటకు నలువది కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు బలమంతయు దాదాపుగా గాలిని చీల్చుటకే సరిపోవును. వేగము రెట్టింపైతే గాలి అడ్డము నాలుగింతలగును. అయితే ముందువాని చక్రము వెనుక దగ్గరగా ఉన్నవానికి నాలుగవ వంతునుండి మూడవ వంతు వరకు బలము మిగులును. అందుచేత గాలికి ఎదురు నిలుచుటను వంతులవారీగా పంచుకొందురు.

ఆ గుంపులో మా ఈడువాడు ఒకడున్నాడు. గడ్డము తెల్లబడినది. పలుమారు అతడే ముందుకు వచ్చి గాలి కాచాడు. అతని వెనుక పడుచువారు ఊపిరి తీసికొన్నారు. పదునెనిమిదవ చుట్టులో అతడు ప్రక్కకు తప్పుకొని మరల గుంపును అందుకొనలేదు. చివరి చుట్టుకు గంట కొట్టారు. పడుచువారు ప్రాణములొడ్డి తొక్కారు. మా యౌవనుడు నాలుగవవాడుగా వచ్చాడు. నాలుగవవానికి బహుమానము లేదు.

అందరును చేరిన తరువాత ఆ పెద్దమనిషి నెమ్మదిగా వచ్చి గీత దాటగా, గెలిచినవానికంటె ఆయనకే ఎక్కువ చప్పట్లు కొట్టారు. దగ్గరకు వెళ్లి పలకరించాము. రిటైరైన రైల్వే ఉద్యోగి, తమిళుడు. “ఇంత కష్టపడి చివరకు వెనుకబడితిరే” అని మేము అనగా, నవ్వి తమిళములో, “నేను ముందుకు వచ్చింది గెలవడానికి కాదు సార్, గాలి ఆపడానికి. నా వంతు అయిపోయింది, తప్పుకొన్నాను. తప్పుకోకపోతే వెనకవాళ్లు నన్ను దాటలేక అందరం నెమ్మదైపోతాం” అన్నాడు.

తిరిగి వచ్చు దారిలో డీకనుగారును మేమును ఎక్కువగా మాట్లాడుకొనలేదు. మేము ఇరువది రెండు సంవత్సరములుగా సంఘ కార్యదర్శిగా ఉన్నాము.

ఈ పందెమునుండి మూడు పాఠములు

1. పెడలు ఎవరిది వారే. గాలి మాత్రము అందరిది.

గలతీ పత్రిక ఆరవ అధ్యాయములో రెండవ వచనమున ఒకరి భారము ఒకరు మోయవలెననియు, అయిదవ వచనమున ఎవరి బరువు వారే మోసికొనవలెననియు చదువుదుము. ఈ రెండును ఎట్లు పొసగునని ట్రైనింగు రోజులనుండి మాకు సందేహము. సైకిలు పందెము దగ్గర తీరినది. ఒకరి పెడలును వేరొకరు తొక్కలేరు. ప్రార్థన, పరిశుద్ధత, మారుమనస్సు ఎవరివి వారే చేసికొనవలెను. అయితే గాలిని పంచుకొనవచ్చును. పరాయి ఊరిలో ఇల్లు దొరకక, భాష రాక, జబ్బు చేసినప్పుడు ఆసుపత్రిలో ఎవరిని అడగవలెనో తెలియక నిలిచినవానికి కొట్టు గాలి ఉన్నదే, దానిని మరియొకరు ఆపవచ్చును. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. అతనిని ఇంట చేర్చుకొన్న అకుల, ప్రిస్కిల్ల రోమానుండి వెళ్లగొట్టబడి వచ్చి, డేరాలు కుట్టి బ్రదికిన వలసవారే. పందెమును గూర్చి వ్రాసిన అపొస్తలునికి గాలి ఆపినది వలసవారని మనము మరువరాదు.

2. ముందు నిలుచుట వంతు మాత్రమే, హక్కు కాదు.

మన చరిత్రయే దీనికి సాక్షి. శామ్యూల్ డే దొర 1836లో విశాఖపట్నము చేరి, కొంతకాలము మద్రాసులో పనిచేసి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. జూయెట్ దొర 1849లో వచ్చాడు. ఫలము కనబడక, ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలో చర్చలు జరిగిన కాలమది. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థించినవారు అయిదుగురే. వారు గాలికి ఎదురుగా తొక్కారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మములు జరిగినప్పుడు, చరిత్రలో ముందు కనబడినది క్లౌ దొర పేరు. ముందువారు గాలి కాచి తప్పుకొనకపోతే ఆ దినము వచ్చునా?

ఇచ్చట రెండు పాపములున్నవి. ఎప్పుడును ముందుకు రాక, ఇతరుల చక్రము వెనుకనే హాయిగా సాగిపోవుట ఒకటి. మన తండ్రులు కాచిన గాలిలో స్థిరపడిన మనము, నిన్న మొన్న వచ్చినవానికి గాలి కాయకపోతే ఇదియే. ఒకసారి ముందుకు వచ్చి మరి తప్పుకొనకపోవుట రెండవది. ఇది పెద్దలమైన మా పాపము. నమ్మకముగా సేవ చేయుచున్నామనుకొని, వెనుకవారికి దారి అడ్డముగా నిలిచాము.

3. పది అడుగుల సందును చూడవలెను.

వెనుకబడినవాడు సోమరి కాడు. ఒక చిన్న సందు పడినది, అంతే. ఆ సందు పడిన క్షణమునుండి గాలి అంతయు వాని ఒక్కని మీదనే కొట్టును. ముందున్నవాడు వెనుకకు చూడడు గనుక అతనికి తెలియదు. “పందెంలో ఆగం. కాని ప్రాక్టీసులో అందరికంటే గట్టివాణ్ణి వెనక పెడతాం. ఎవరికైనా సందు పడితే వాడు కేక వేస్తాడు, అందరం నెమ్మదిస్తాం” అని మా యౌవనుడు చెప్పాడు. ఏ ఉపమానమైనను ఒక హద్దు వరకే సాగదీయవలెను. కొరింథు దగ్గర ఇస్త్మియాలో రెండేండ్లకొకసారి జరిగిన ఆటలలో గెలిచినవానికి ఆకుల కిరీటము పెట్టేవారు. అది వాడిపోవును, అదియు ఒక్కనికే. మన కిరీటము వాడిపోనిది, ఒక్కనికే పరిమితమైనది కాదు. కాబట్టి మన సంఘము పందెపు గుంపు కాదు, ప్రాక్టీసు గుంపు. మనలో గట్టివాడు వెనుక ఉండవలెను. మేము రిజిస్టరులో పదకొండు అని లెక్కపెట్టాము గాని కేక వేయలేదు. ఆ సందు రెండవ వారమే పడినది.

ఇప్పుడు మేము చేసినది

తీర్మానమును రద్దు చేయుమని మేమే కూటములో అడిగాము. అందరును ఒప్పుకొనలేదు, ఆదివారము ఆటలు తగవని ఇప్పటికిని గట్టిగా నమ్మువారు మాలో ఉన్నారు. మేమును ప్రభుదినము మామూలు దినమని చెప్పుట లేదు. టేలరు సాక్ష్యము సాక్ష్యమే. మా యౌవనుడు తనంతట తానే, ప్రభువు బల్ల ఉన్న మొదటి ఆదివారము ఏ పందెమునకును వెళ్లనని చెప్పాడు. తక్కిన వారములను గూర్చి ఇంకను ప్రార్థించుచున్నాడు. మేమును అతనితో కూడ ప్రార్థించుచున్నాము. ఇదివరకు అతనిని గూర్చి మాట్లాడాము గాని అతనితో ప్రార్థించలేదు.

ఆదివారము సాయంకాలము ఆరున్నరకు రెండవ ఆరాధన ఆరంభించాము. మొదటి వారము రేవునుండి వచ్చినవారు అయిదుగురు. అయిదుగురిని తక్కువగా చూచు హక్కు తెలుగు బాప్తిస్టులమైన మనకు లేదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు చేపల వేట నిషేధము గనుక వారు స్వగ్రామములకు వెళ్లుదురు. ఆ రెండు నెలలును కూటము ఆపవద్దని వారే వెళ్లుచు మమ్మును కోరారు.

వార్షిక కూటములో కార్యదర్శి పుస్తకమును, నర్సుగా పనిచేయుచున్న ఒక సహోదరికి అప్పగించాము. తేలికగా అప్పగించామని చెప్పితే అబద్ధమగును. ఆమె మొదటిసారి మినిట్సు చదువుచుండగా రెండు చోట్ల సరిదిద్దవలెనని నోటి వరకు వచ్చింది. ఆ తెల్లగడ్డపు మనిషి జ్ఞాపకము వచ్చి, నోరు మూసికొని కూర్చున్నాము.

ప్రియులారా, మీ సంఘములలో ఈ వారము రెండు సంగతులు చూచుకొనుడి. మీ వీధిలోనికి క్రొత్తగా వచ్చి, మీ రిజిస్టరులో పేరు లేని తెలుగువాడెవడు? మీరు ముందు నిలిచి చాలాకాలమైన చోటు ఏది? మొదటివానికి ముందుగా వెళ్లుడి. రెండవ చోటునుండి ప్రక్కకు తప్పుకొనుడి.

ప్రార్థన: మా తండ్రీ, మాకంటె ముందుగా ఈ ఊరికి వచ్చి, మా కొరకు గాలికి ఎదురు నిలిచినవారిని బట్టి నీకు స్తోత్రములు. మా వంతు వచ్చినప్పుడు నిలుచుటకు బలమును, వంతు తీరినప్పుడు తప్పుకొనుటకు వినయమును దయచేయుము. సందు పడినవారిని చూచు కన్నులిమ్ము. మేము తీర్పు తీర్చిన పిల్లలను మాకంటె మంచి పెద్దలుగా చేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.